మొదటి బడి

“పిలగాడు పుట్టినప్పుడు పత్తి ఏరుతుండ్రా, నాట్లేస్తుండ్రా?” అని అడుగుతున్నాడు మట్టయ్య.

నేరాల్లో చిక్కిన పిల్లల కేసులు చూసే బాలల బోర్డు ఆఫీసులో అటెండరు ఆయన. తెలంగాణ కోసం 2011లో మొదలైన సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు గేటు బయట, సమ్మె టెంటు కింద కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి. చెవుల మీద తెల్ల వెంట్రుకలు, మోకాళ్ళ దగ్గర వెలిసిన ఖాకీ ప్యాంటు. ఎదురుగా రాములమ్మ చతికిలబడి ఏడుస్తోంది. ఆమె కొడుకు మధు ఎల్బీనగర్ చౌరస్తాలో రాళ్ళు విసిరాడని నిన్న పోలీసులు పట్టుకెళ్ళారు. బడి కాగితం ప్రకారం వాడికి పద్దెనిమిదేళ్ళ రెండు నెలలు. రేపు పదిగంటలకల్లా మేజిస్ట్రేటుకు మైనరని రుజువు చూపించకపోతే పెద్దవాళ్ళ జైలుకే పంపిస్తారు.

“నాట్లేసుకుంటనే నొప్పులొచ్చినయి సార్. ఆనికి పదిహేడే. పట్నమొచ్చినంక నేనే ఏడాది పెంచి చెప్పిన, రెండో తరగతిల కూసోబెడతరని.”

“అంతకుముందు ఏ బడి?”

“బాటసింగారంల కొన్నొద్దులు పోయిండు.”

మట్టయ్య రాములమ్మను కొడుకు దగ్గరికి పొమ్మని చెప్పి, చెప్పులు తొడుక్కున్నాడు. పదో తరగతి సర్టిఫికెట్ లేనివాళ్ళకు మొదట చేరిన బడి రిజిస్టరే చెల్లుతుందన్న నిబంధనను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న సింధూర పక్కనే ఉంది. న్యాయశాస్త్రం చివరి ఏడాది, ఇంటర్న్‌షిప్ కోసం ఆగస్టులో ఇక్కడ చేరింది. ఆ నిబంధన కోసం చెప్పులేసుకుని బయల్దేరాలని ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె కూడా వెంట నడిచింది.

బస్సుల్లేవు. చైతన్యపురి దాటి కొత్తపేట దాకా నడిచారు. పండ్ల మార్కెట్లో బత్తాయిలు దించి తిరిగిపోతున్న లారీ ఎక్కి బాటసింగారంలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బడికి తాళం. ముందు టెంటు. అందులో హెడ్మాస్టరు శేఖర్ సారు.

“తాళం తీస్తే సమ్మె ఇడిసినట్టేనే. ఊరంత చూస్తుంది. అయిపోయినంక రా అన్నా.”

“అప్పటికి ఆ అబ్బాయి జైల్లో ఉంటాడు మాస్టారూ!” అంది సింధూర.

టెంటులో తలలన్నీ ఇటు తిరిగాయి. నోరు తెరిస్తే చాలు, ఎక్కడివాళ్ళో తెలిసిపోయే రోజులవి. సింధూర వాళ్ళ నాన్న తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“మా ఆఫీసు పిల్ల సార్,” అంటూ మట్టయ్య ఆమెకు అడ్డంగా జరిగాడు. “నేను గూడ సమ్మెలనే ఉన్న. ఆఫీసు పని ముట్టలే. గా పోరడు రాయి ఇసరొద్దుండె, ఇసిరిండు. ఎవలి కోసం ఇసిరిండు? మనం టెంటుల కూసుంటే ఆడు జైల్ల కూసోవాల్నా?”

శేఖర్ సారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసిచ్చాడు.

బీరువాలో రిజిస్టర్లు వరసలో లేవు. రెండు గంటలు దుమ్ము తాగారు. మట్టయ్య ఒక్కో పేరు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివాడు. దొరికిన పేజీలో ఇరవైముగ్గురు పిల్లలుంటే పద్నాలుగు మంది జూన్ ఒకటినే పుట్టారు, మధుతో సహా. సింధూరకు నవ్వొచ్చింది.

“తారీకు సార్ల పుణ్యం. సాలు మాత్రం తల్లి చెప్పిందే,” అన్నాడు మట్టయ్య. సంవత్సరం తొంభై నాలుగు. మధుకు పదిహేడే.

“బడి పనైతే ముట్టకపోదును, ఇది ఉద్యమం పనే,” అంటూ శేఖర్ సారు టెంటులోనే, మోకాలి మీద పెట్టుకుని సర్టిఫికెట్ రాసి ముద్ర కొట్టాడు. రాస్తున్నంతసేపూ ఎవరూ నినాదం ఇవ్వలేదు.

తిరుగుదారిలో ట్రాలీ ఆటో దొరికింది. మట్టయ్య రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: “ఇయ్యాల్టితోని నా నౌకరి ఖతం బిడ్డా. కాగితంల అరవై నిండినయి. నిజంగైతే యాభై తొమ్మిదే.”

“అదేంటండీ! అందరి వయసులూ సరిచేయించి మీది వదిలేశారా? ఇంకో ఏడాది ఉద్యోగం ఉండేది కదా!”

“బర్ల ఎంబడి తిరుగుతుంటె మా ఊరి సారు చెయ్యి వట్టి బడికి గుంజుకపోయిండు. ఐదేండ్లు నిండకున్నా నిండినయని రాసిండు. గా సారు అబద్ధమాడిండని నేను కోర్టుల ఎట్ల జెప్పాలె? ఆయన రాయకుంటే ఇయ్యాల గా పోరని పేరు నాకు సదువొస్తుండెనా?”

రెండు నెలలుగా ఈయన చేత టీ తెప్పించుకున్నానే అని సింధూరకు సిగ్గేసింది. లేచి నమస్కారం పెడదామంటే ట్రాలీ కుదుపులకు కడ్డీ వదలడం కుదరలేదు. ఎల్బీనగర్‌లో ఆయన దిగి, “కాగితం పైలం, పోగొట్టకు,” అని చెప్పి జనంలో కలిసిపోయాడు. సమ్మె రోజులు కదా, శాలువా లేదు, దండ లేదు.

మరునాడు మేజిస్ట్రేటు ఆ కాగితం చూసి మధును బోర్డుకు పంపించారు. మధ్యాహ్నానికి బోర్డు వాణ్ణి తల్లికి అప్పగించింది. అంతకుముందు పిలుపు కోసం ఎదురుచూస్తూ వాడు వసారాలో నేల మీద కూర్చోబోతే, సింధూర తలుపు పక్కనున్న పొట్టి స్టూలు చూపించింది.

అది అటెండరు స్టూలు. ఆగస్టు నుంచి మట్టయ్య దాని మీద కూర్చోగా ఆమె ఒక్కసారీ చూడలేదు. వణుకుతూ వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ దాని మీద కూర్చోబెట్టి, తాను గోడకానుకుని నిలబడేవాడు.

తల్లీకొడుకులు గేటు దాటిపోయాక వసారాలో ఆ స్టూలొక్కటే మిగిలింది. కూర్చున్న పిల్లలు ఊగిపోకుండా దాని కురచ కాలి కింద ఒక అట్టముక్క నాలుగు మడతలు పెట్టి ఉంది.