హాస్టల్ ఆడవాళ్లు లేవలేదు

పొక్లెయిన్ మొదట వంటగది గోడను కూల్చింది. లోపల పొయ్యి మీద గంజి ఇంకా ఉడుకుతూనే ఉంది. లోవమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అరిచే ఓపిక కూడా లేదు. తెల్లవారుజాము నుంచి ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి వచ్చిన మనిషి.

నరసాపురం దాటాక కాలవ గట్టున ఉన్న ఆ ఆవరణ ఒకప్పుడు అనాథ పిల్లల బడి, హాస్టలు. ఎప్పుడో ఉప్పెనలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం దొరలు ఓ ట్రస్టు పెట్టి కట్టించారు. లోవమ్మ అక్కడే పాకింది, అక్కడే అఆలు దిద్దింది. తర్వాత విరాళాలు ఆగిపోయాయి. మాస్టార్లు వెళ్లిపోయారు. బడి మూతపడింది. పోవడానికి ఇల్లంటూ లేని ఆడపిల్లలు మాత్రం పడకల హాల్లోనే ఉండిపోయి, శ్రీనివాసరాజు గారి రొయ్యల షెడ్డులో పనికి కుదిరారు. ఇప్పుడు ట్రస్టువాళ్లు ఆవరణ మొత్తం ఆ రాజుగారికే అమ్మేశారు. రొయ్యల చెరువులు తవ్విస్తారట.

సాయంత్రం హాల్లో అందరూ చేరారు.

"ఆయన్ని కాదంటే రేపు పనెవరిస్తారే?" అంది రామలక్ష్మి.

అందరిలోకీ చిన్నమ్మాయి దిగ్గున లేచింది. "పనిచ్చాడని పడుకునే చోటు కూడా ఇచ్చేస్తామా? మనం తలలు తీయకపోతే ఆయన సరుకు ఏ ఓడెక్కుద్ది?"

"నీకు వయసుంది, అరుస్తావు. లోవమ్మక్కా, నువ్వు చెప్పు," అంది రామలక్ష్మి.

లోవమ్మ ఐసుకి ఒరిసిపోయిన వేళ్లు చూసుకుంది. "పోట్లాడే ఓపిక నాకు లేదే. ఇంకో చోటు వెతుక్కునే ఓపిక అసలే లేదు. రేపు ఆ గోడలు కూల్చే మిషను ముందు కూర్చుంటాను. వచ్చేవాళ్లు రండి."

మర్నాడు షెడ్డుకి ఎవరూ వెళ్లలేదు. కూలిన గోడ ముందు కూర్చున్నారు. రామలక్ష్మి గొణుక్కుంటూనే ఆఖర్న వచ్చి కూర్చుంది.

రాజుగారు కారు దిగారు. "ఏంటి లోవమ్మా, ఇన్నేళ్లు కూడు పెట్టినందుకు ఇదా?"

"మా కూడు మా చేతులే పెట్టాయండి. మీ కూడు కూడానండి."

పోలీసులొచ్చి అందర్నీ వ్యానెక్కించారు.

మధ్యాహ్నానికి షెడ్డు సూపర్‌వైజరు స్టేషన్‌కి పరుగెత్తుకొచ్చాడు. ఐసు కరిగిపోతోంది, సరుకు వాసనేస్తోంది. బయటి ఊళ్ల నుంచి పిలిపించిన కూలీలు సంగతి తెలిసి ఆటోల్లోంచి దిగనే లేదు.

"కేసూ లేదు, ఏమీ లేదు. పనిలోకి పొండమ్మా," అన్నాడు ఎస్సై.

లోవమ్మ గోడకి చేరగిలబడింది. "మిషను వెళ్లిపోయిందాండి?"

"అది వేరే సంగతి."

"అయితే ఇక్కడే ఉంటామండి. పగటిపూట నడుం వాల్చి చాలా ఏళ్లయింది."

ఆమె చెంగు పరుచుకుని పడుకుంది. పక్కన చిన్నమ్మాయి, ఆ పక్కన రామలక్ష్మి. చూస్తుండగానే స్టేషన్ వరండా నిండిపోయింది. అప్పటికే గేటు దగ్గర పక్క షెడ్డులో పని ఆపేసి వచ్చిన ఆడవాళ్లు లోపలికి రావడానికి చెప్పులు విప్పుతున్నారు.