బకి ఒత్తు

"బ వద్దట" అంది అక్క, ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే.

వద్దన్నదాన్ని ఎందుకు ఉంచడమని తీసేశాను. పాస్‌వర్డ్ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టిన 'బద్రం'లో బ పోయి 'అద్రం' మిగిలింది. అలాంటి మాటేదీ లేదని కంప్యూటర్‌కీ తెలుసు కాబోలు, తెర ఎర్రబడింది. అంతకుముందు బతో కొట్టినా ఇదే మర్యాద జరిగింది. ఇంకొక్కసారి తప్పితే ఫోల్డర్ రేపటిదాకా తెరుచుకోదు. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడు మా బావ. ప్రస్తుతం రైల్లో ఉన్నాడు.

అక్క ఇళ్ళకూ బళ్ళకూ ప్లాన్లు గీస్తుంది. ఒక బడివాళ్ళు కట్టబోయే లైబ్రరీ ప్లాను చూడటానికి కమిటీ వచ్చి ముందుగదిలో కూర్చుంది. ఇవాళ చూపిస్తే పని అక్కది, లేకపోతే ఇంకొకరిది. కమిటీ పెద్దాయన గొంతు సవరించుకోవడం మాకు వినిపిస్తూనే ఉంది.

ప్లాను మాత్రం బావ తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంది. తాళం వేసినవాడు హాయిగా కిటికీ పక్కన, తాళలేనివాళ్ళం మేమిక్కడ. బావకు గోప్యత అంటే గొప్ప. ఈమధ్య ఎక్కడో ఏదో చదివి, కంప్యూటర్‌లో ఉన్నదంతా, అంటే బ్యాంకు కాగితాలూ అక్క ప్లాన్లూ పిల్లి ఫొటోలూ, ఒకే ఫోల్డర్‌లో కుక్కి ఎన్‌క్రిప్ట్ చేశాడు. పిల్లి మీద కన్నేసిన దొంగలెవరో మాకింకా తెలియదు. రోజూ తెరిచేవి బయట ఉంచమని అక్క మొత్తుకుంటే, "నీకు భద్రత కావాలా, బద్ధకం కావాలా?" అన్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తుందని రికవరీ కీ కూడా రాసి దాచాడు పాపం. ఆ ఫోల్డర్‌లోనే. తాళంచెవి పోతుందేమోనని పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేసే తెలివి అది.

అక్క ఫోను స్పీకర్‌లో పెట్టింది. "బ తీసేశామండీ. అయినా తెరుచుకోలేదు."

"తీసేయడమేంటే? బ... ఒత్తు." మిగతాది రైలు చప్పుడు మింగేసింది.

"మీరు వద్దంటేనేగా తీశాం."

"వద్దనలేదు, ఒత్తంటున్నా."

"ఒత్తుతూనే ఉన్నాం బావా" అన్నాను. "ఇంకా ఒత్తితే మీట ఊడి చేతికొస్తుంది."

బావ గొంతు పెంచాడు. ఎవరి చెవినా పడకూడదని ఇంత చేసినవాడు, బోగీ అంతటికీ కలిపి గుణింతం మొదలుపెట్టాడు. రహస్యం రహదారికెక్కింది.

అంతలో ఫోన్‌లో ఎవరో పెద్దావిడ గొంతు: "ఇలా ఇవ్వు నాయనా. చూడమ్మా, మీ ఆయన వద్దనడం లేదు, మీట నొక్కమనడమూ లేదు. భద్రంలో బకి ఒత్తుంటుంది, ఆ ఒత్తు. ఇంగ్లిషులో బి పక్కన హెచ్. మా బోగీలో అందరికీ వచ్చేసింది, మీకే రాలేదు."

హెచ్ పెట్టాను. తెరుచుకుంది.

అక్క ముందు తన ప్లాన్లన్నీ లాగి బయటపెట్టింది. బ్యాంకు కాగితాలు లోపలే వదిలింది. పిల్లి సంగతి బావ వచ్చాక చూసుకుంటాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఎత్తుకుని ముందుగదిలోకి నడిచింది.

కమిటీ అప్పటికే లేచి నిలబడి ఉంది.

"వెళ్ళొస్తామమ్మా" అన్నాడు పెద్దాయన ముభావంగా. "లోపల్నించి ఒకటే వద్దు వద్దని వినపడుతుంటే అర్థమైందిలే. మా పని ఇష్టం లేకపోతే మొహమాటం ఎందుకు, ముందే చెప్పాల్సింది."

"అయ్యో, వద్దన్నది మీ పనిని కాదండీ" అంది అక్క, ల్యాప్‌టాప్ ఆయన ముందు పెడుతూ. "మావారు బకి ఒత్తు పెట్టమన్నారు. నేను బ వద్దని విన్నాను. అంతే."