బ్రౌలియో చేతికి సరిపోయే పాట

చిలీ దేశపు తాల్కవానో రేవులో పెరిగిన స్నేహితులు కుర్రతనంలో పెట్టుకున్న రాక్ బ్యాండు 'లా గ్రువా'. ఇనుము మీద ఇనుము పడ్డట్టుండేది వాళ్ల వాయింపు. బ్రౌలియో డ్రమ్ముల మీద చేయి వేస్తే హాలు గోడలు అదిరేవి. నడివయసు దాటాక పక్షవాతం వచ్చి అతని కుడిచేయి సగం చచ్చుబడింది. ఇంట్లోవాళ్లకూ బ్యాండువాళ్లకూ తప్ప ఆ సంగతి బయటికి పొక్కలేదు.

పాడుతూ గిటారు వాయించే రోములో ఆసుపత్రికి వచ్చాడు. పాత హోరు తనకు మొహం మొత్తిందనీ, ఇకమీదట నెమ్మది పాటలే కడతాననీ, వాటికి ఒంటిచేత్తో తట్టే దరువు చాలనీ చెప్పాడు. తన అదృష్టం అనుకున్నాడు బ్రౌలియో.

కొత్త ఆల్బమ్ రాగానే తగవు మొదలైంది. పత్రికల్లో రాసేవాళ్లు, వీళ్లకు ఇన్నాళ్లకు పాట పట్టుబడిందని మెచ్చుకున్నారు. అభిమానులు మాత్రం రోములో డబ్బుకు అమ్ముడుపోయాడని తిట్టిపోశారు. బేకరీలో ఒకావిడ, ఈ పాటలు మనవణ్ణి నిద్రపుచ్చడానికి బాగా పనికొస్తున్నాయని మొహం మీదే అంది. రోములో నవ్వి రొట్టెకు డబ్బులిచ్చాడు.

ఒక వాన సాయంత్రం బ్రౌలియో సోపైపిల్యాలనే వేడి గుమ్మడికాయ పూరీలు కట్టించుకుని రోములో ఇంటికి వెళ్లాడు. గ్యారేజీలోంచి గిటారు హోరు. పాతదాని కంటే మొరటుగా ఉన్న కొత్త పాట. తలుపు తోశాడు.

"మొహం మొత్తిందన్నావు కదరా?"

రోములో దొరికిపోయిన దొంగలా గిటారు దించాడు.

"నా చేతి కోసమా ఇదంతా? ఇంకొకణ్ణి పెట్టుకోవలసింది."

"పిలిచి చూశాంరా. బాగానే వాయించాడు. వెనక్కి తిరిగితే నువ్వు లేవు. నాకు పాట నోటికి రాలేదు."

"ఊరంతా నిన్ను అన్నేసి మాటలంటుంటే..."

"నన్నంటే అననీ. నిన్ను చూసి అయ్యో పాపం అంటే నువ్వు తట్టుకోగలవా? ఆ పొట్లం ఇలా తే, చల్లారిపోతుంది."

బ్రౌలియో పొట్లం విప్పాడు. ఇద్దరూ తిన్నారు.

రేవు కార్మికుల హాల్లో జరిగిన కచేరీలో రెండో పాటకే ఈలలు మొదలయ్యాయి. బ్రౌలియో లేచి మైకు అందుకుని, కుడిచేయి లేచినంత మేరకు లేపాడు.

"ఇది ఇంతకు మించి లేవదు. పాటలు అందుకే నెమ్మదించాయి. తిట్టేదుంటే నన్ను తిట్టండి, వాణ్ణి వదిలెయ్యండి."

ఈలలు ఆగాయి. అయినా కొందరు బయటికి నడిచారు. ముందు వరుసలోంచి ఒక ముసలి వెల్డరు అన్నాడు: "నెమ్మది పాటలు మాకు ఇప్పటికీ నచ్చలేదయ్యా. పాతదొకటి అందుకోండి. దరువు మేం వేస్తాం."

రోములో అందుకున్నాడు. జనం బూట్లతో చెక్కనేలను దంచారు. లయ తప్పింది, పరుగెత్తింది, దాన్ని అందుకోలేక రోములోకు ఊపిరాడలేదు. బ్రౌలియో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఇన్నేళ్లలో ఆ పాటను వాయించకుండా వినడం అతనికి అదే మొదలు.