గోడ అవతల హారన్

పెరటి రేకుల షెడ్డులో ఫినాయిలు నీళ్లు చిమ్మి, చీపురుతో మూలకి తోస్తూ ఆయా నడుం పట్టుకుని కాసేపు ఆగింది. ఆగినప్పుడల్లా ఆమె చెవులు గోడ అవతలి సందులోకి పోతాయి. వెళ్లింది కూరగాయల బండేనా, ఎవరైనా వచ్చి నిలబడ్డారా అని. సగం పని చేతులతో, సగం పని చెవులతో చేయడం ఆమెకి అలవాటైపోయింది. ఆ ఇంట్లో అందరూ అంతే. మొగుడి దెబ్బలకి తాళలేక కట్టుబట్టలతో వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లది. బయట బోర్డు ఉండదు. గోడ మాత్రం మనిషిన్నర ఎత్తుంటుంది.

ముందు గదుల్లో ఆడవాళ్లూ పిల్లలూ ఉంటారు. వెనక షెడ్డులో, వాళ్లు వదల్లేక వెంట తెచ్చుకున్న జీవాలుంటాయి. వాటి ఆలనాపాలనా ఆయాది. పొట్టి మనిషి. మోకాళ్లు అరిగిపోయి, నడిస్తే నీళ్ల మీద పడవలా అటూ ఇటూ ఊగుతుంది. జుట్టు పీచులా తెల్లబడి, ముడి వేస్తే నిమ్మకాయంత అవుతుంది. ఎడమచేతి చిటికెనవేలు ఏనాడో విరిగి వంకరగా అతుక్కుంది. గిన్నె పట్టుకున్నా, చీపురు పట్టుకున్నా ఆ వేలొక్కటీ కలవకుండా పక్కకి నిలబడి ఉంటుంది.

పంజరంలో చిలక రెక్కలు దులుపుకుని, మగగొంతుతో "ఎక్కడ చచ్చావే?" అంది.

"ఇక్కడే చచ్చాను, నీ పెంట ఎత్తుతూ" అంది ఆయా.

దాన్ని తెచ్చుకున్నది ఒక లెక్కల టీచరు. కొత్తలో ఆ మాట వినపడితే ముందు గదుల్లో ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయేవారు. ఆయా రోజూ పంజరం ముందు పీట వేసుకుని దానికి ఇంకో మాట నేర్పింది. ఇప్పుడది ఆ తిట్టు తిట్టి, ఊపిరి తీసుకోకుండా "టీ తాగావా అమ్మా?" అని ఆయా గొంతుతో అడుగుతుంది. టీచరుతో సహా అందరూ నవ్వుతారు. తిట్టు మాన్పించడం మాత్రం ఆయా వల్ల కాలేదు.

పిల్లులకి పాలు పోసి, చివరి గడి దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం వాడిపోయింది. నల్ల కుక్క రాత్రి ఎలా పడుకుందో అలాగే ఉంది, మూతి ముందుకాళ్ల మధ్య పెట్టుకుని. దాని పేరు బొగ్గు. పాలలో నానబెట్టిన రొట్టె గిన్నెలో అంటకుండా మిగిలింది, అంచుల్లో మీగడ కట్టింది. వచ్చిన దగ్గర్నుంచీ అంతే. వచ్చి చూసిన పశువుల డాక్టరు, ఒంట్లో జబ్బేమీ లేదని, బెంగ పెట్టుకుందని, ఇలాగే ఉంటే ఎన్నాళ్లో బతకదని చెప్పి వెళ్లాడు.

ఆయా గచ్చు మీద కూలబడి, రొట్టెముక్క వేళ్లతో మెదిపి దాని పెదవికి రాసింది. అది నాకలేదు.

"నా మీద కోపమైతే నన్ను కరిచెయ్. అన్నం మీద కోపమేంట్రా?" అంది మెల్లగా.

ఆ కుక్కని తెచ్చుకున్నది బట్టలు కుట్టే అమ్మాయి. పాతికేళ్లు దాటి ఉంటాయేమో. ఆమె కూతురు ఇంకా బడి మొహం సరిగ్గా చూడని పసిది. నువ్వు గడప దాటిన రోజే కుక్కని నూతిలో పడేస్తానని మొగుడు బెదిరించేవాడట. ఆ మాటకి భయపడి అమ్మాయి చాలాకాలం ఆ ఇంట్లోనే పడి ఉంది. చివరికి జీవాలక్కూడా చోటిచ్చే ఇల్లొకటుందని ఎవరో చెబితే, ఒక చేత్తో పాపనీ, ఒక చేత్తో గొలుసునీ పట్టుకుని బయటపడింది.

ఆమెని చూసి కొందరు ఆశ్చర్యపోయారు, ప్రాణం మీదికి వస్తే కుక్క కోసం ఆగడమేమిటని. ఆయా ఆశ్చర్యపోలేదు. ఆమె కాపురం చేసిన ఇంట్లో ఒక గోధుమరంగు ఆవుండేది. ఇంకెవరి చెయ్యి పొదుగు మీద పడినా తన్నేది. పిల్లాజెల్లా లేనిదానివి, ఎందుకే ఆ ఇంట్లో పడి చస్తావు అని ఇరుగుపొరుగు అడిగితే, "ఆవుంది కదా" అనేది. వాళ్లు నవ్వేవారు. ఆవుని తోలుకుని ఏ చుట్టాల గుమ్మం ఎక్కుతుంది? ఆవు ముసలిదైంది. ఒక ముసురు పొద్దున ఇక లేవలేదు. దాన్ని పూడ్పించి, గుంట మీద మట్టి చదును చేసి, చేతులు కడుక్కుని అట్నించి అటే నడిచి వచ్చేసింది. అప్పటికే ఆమె తల సగం నెరిసింది.

ఈ ఇంట్లో చేరాక కూడా చాన్నాళ్లు సాయంత్రమయ్యేసరికి మొగుడి దగ్గు గుమ్మంలో వినపడుతుందేమోనని చెవులు రిక్కించేది. భయం వల్లే అని తోటివాళ్లతో అనేది. అదంతా భయమే కాదని ఆమెకి తెలుసు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

అమ్మాయి, పాప వచ్చి గడి ముందు గొంతుక్కూర్చున్నారు. పాప గిన్నెలోకి చూసి గోడవైపు తిరిగింది. అమ్మాయి ఆయాని పక్కకి తీసుకెళ్లి, పాప కూడా రాత్రి తినలేదని చెప్పింది. ఆ ఇల్లు నడిపే మేడమ్ తనకి కుట్టుపని ఇప్పిస్తానన్నదట. పెరడున్న గది కూడా చూస్తోందట, ముగ్గురూ సర్దుకోవచ్చట. ఆ గది దొరికేదాకా బొగ్గు బతికితే చాలునంది.

"దీనికేదన్నా అయితే పాపని ఆపలేను పెద్దమ్మా. నాన్న దగ్గరికి పోదామని ఏడుస్తుంది. అది ఏడిస్తే నేను ఎన్నాళ్లు నిలబడతానో నాకే నమ్మకం లేదు."

"నేనుండగా దానికేం కాదు, పో" అంది ఆయా. అలాంటి హామీలు ఆమె ఎవరికీ ఇవ్వదు.

ఎండ షెడ్డు రేకుల మీదికి ఎక్కింది. కుక్క పక్కన కూర్చుని దాని చెవుల వెనక గోకుతూ ఆయా కునికిపాట్లు పడుతోంది. సందులో ఏదో మోటారుబండి నెమ్మదిగా వెళ్లింది. హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగ్గా.

ఆమె చేతికింద కుక్క ఒళ్లు బిగుసుకుంది. మరుక్షణం అది లేచి నిలబడింది. తలుపు సందులోంచి దూసుకుపోయి గోడ దగ్గర వెనకకాళ్ల మీద లేచి మొరిగింది. తోకతో పాటు నడుమంతా ఊగిపోతోంది. మధ్యమధ్యలో మొరుగు సన్నటి కూతగా మారి, పసిపిల్ల ఏడుపులా సాగుతోంది.

కుక్క మొరిగితే వెంటనే మూతి పట్టుకుని లోపలికి లాక్కురావాలి, రేడియో పెద్దగా పెట్టాలి. అది ఆ ఇంటి పద్ధతి. ఆ పద్ధతి పెట్టిందే ఆయా. బండి చప్పుడుకి బల్లకింద దూరే కుక్కల్ని, నిలబడ్డచోటే తడిపేసుకునే కుక్కల్ని ఆమె ఎన్నింటినో చూసింది. ఏ అరుపు ఎంత భయమో ఆమెకి కొట్టిన పిండి. కానీ ఆ షెడ్డులో ఏ కుక్కా సందు చప్పుడు విని సంబరపడగా ఆమె ఎరగదు. దాంతో హారన్ సంగతి తట్టక, అది బెంగ తీరిన సంబరమే అనుకుంది. మొరగనీ, గుండెల్లో ఉన్నదంతా పోనీ అనుకుంది. రేడియో వైపు కూడా చూడకుండా, కాళ్లనొప్పులు మరిచి ముందు గదుల వైపు పరుగులాంటి నడక నడిచింది.

అమ్మాయి మంచం మీద కూర్చుని పాపకి జడ వేస్తోంది.

"లేచింది తల్లీ, బొగ్గు లేచింది. మొరుగుతోంది, విను" అంది ఆయా వగరుస్తూ.

పాప చటుక్కున లేవబోయింది. అమ్మాయి చేతిలో జడ అలాగే ఉంది. ఆమె వింటోంది. గోడ అవతల హారన్ మళ్లీ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగ్గా. ఆమె పెదవులు పాలిపోయాయి.

"ఆయన నన్ను వెతకట్లేదు పెద్దమ్మా" అంది. "దాన్ని పిలుస్తున్నాడు. సందుసందునా ఇలా పిలుచుకుంటూ వచ్చి ఉంటాడు. ఎక్కడున్నా అది పలుకుతుందని ఆయనకి తెలుసు."

తర్వాత జరిగిందంతా ఆయాకి నీళ్లలోంచి చూసినట్టు ఉంది. ఆమె వెనక్కి పరుగెత్తి కుక్కని పొదివి పట్టుకుని లోపలికి లాగింది. అప్పటికే బండి ఆగింది. గేటు చప్పుడైంది. ఇది గోదామని వాచ్‌మన్ చెబుతున్నాడు. అవతలి మనిషి అరవలేదు. ఎంతో మర్యాదగా, మెత్తటి గొంతుతో, నా కుక్క లోపలుందండీ, నా కుక్కని నాకివ్వండి చాలు అంటున్నాడు. ఆ గొంతు వినపడేకొద్దీ బొగ్గు ఆయా చేతుల్లో గింజుకుంది, ఆమె చేతుల్ని నాకింది, వదలమని బతిమాలింది. కొంచెం సేపటికి పోలీసు జీపు వచ్చింది. అతను కూడా వెళ్లిపోయాడు. కానీ గోడ ఎక్కడుందో తెలిసిన మనిషి మళ్లీ రాకుండా ఉంటాడా?

తల్లీపిల్లల్ని ఆ పూటే వేరే ఊరు పంపాలని మేడమ్ తేల్చేసింది. ఏ ఊరో ఆయాకి కూడా చెప్పరు. అక్కడ జీవాలకి చోటు లేదు. ఉన్నా అమ్మాయి తీసుకెళ్లేది కాదు. ఆ మాట ఆమే చెప్పింది, షెడ్డు గడప మీద నిలబడి.

"నేనే మొరగనిచ్చాను తల్లీ. బాగుపడిందని మురిసిపోయాను" అంది ఆయా.

అమ్మాయి బొగ్గు తల నిమిరింది. "నేనూ మురిసిపోయేదాన్ని, ఆ హారన్ విని. పెళ్లయిన కొత్తలో. దీన్నేమని అంటాం? దీన్ని ఆయన ఏనాడూ కొట్టలేదు పెద్దమ్మా. తన కంచంలోంచి తీసి పెట్టేవాడు."

తర్వాత కుక్క మెడ చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుంది. వీపు కదులుతోంది కానీ చప్పుడు లేదు. చప్పుడు కాకుండా ఏడవడం ఆ ఇంటికి వచ్చే ఆడవాళ్లందరికీ వచ్చు.

తెరలు దించిన కారు పెరట్లోకి వచ్చింది. పాపకి ఏమీ చెప్పలేదు. సగం అల్లిన జడతోనే కారెక్కి, బొగ్గు ఏదని అడిగింది. అమ్మాయి ఆయా మొహంలోకి చూసింది.

"వెనకబండిలో నేను తెస్తాగా" అంది ఆయా.

ఆ ఇంట్లోంచి పోయేవాళ్లు వెళ్లొస్తామని అనరు. తిరిగి రాకూడదనే కదా అందరి కోరికా. పాపకి అది తెలీదు. కిటికీ అద్దంలోంచి చెయ్యి ఊపుతూ "వెళ్లొస్తాం" అంది. ఆయా మామూలుగా ఎవరు వెళ్లేటప్పుడూ గేటు దాకా రాదు, ఏదో ఒక గిన్నె తోముకుంటూ ఉండిపోతుంది. ఇవాళ మాత్రం ఆ కారు వెనకే ఊగుతూ నడిచి, గేటు మూసేదాకా నిలబడింది.

తిరిగొచ్చేసరికి బొగ్గు మళ్లీ గోడ దగ్గరికి చేరింది. చాలాసేపు చెవులు నిక్కబెట్టి వింది. ఆ వైపు ఏ చప్పుడూ రాకపోయేసరికి నెమ్మదిగా లేచి, ముందు గదుల వైపు వెళ్లి, ఆ ఖాళీ గది గడప వాసన చూసింది. లోపలికి వెళ్లి మంచం కింద చూసి వచ్చింది. మళ్లీ గడప వాసన చూసింది. రేపు తెల్లారేసరికి దాన్ని ఊరి బయట డాక్టరు చుట్టాల తోటకి పంపేస్తారు. ఆయా దాని పక్కన చతికిలబడి వీపు మీద చెయ్యి వేసింది. వంకరవేలు ఒక్కటే ఆ నల్లటి బొచ్చుకి తగలకుండా నిలబడి ఉంది.

గది వెనక తీగ మీద, వచ్చే ఏడు పాప పొడుగెదిగితే విప్పుకోవచ్చని అంచు లోపలికి జానెడు మడిచి కుట్టిన గౌను ఒకటి ఇంకా నీళ్లోడుతోంది.