పడవ తాత ఆఖరి పేరా

పదో తరగతికి ఇంగ్లీషు పీరియడ్ భోజనాల తర్వాత. ఈ టైంటేబుల్ ఎవరు వేశారోగానీ పిల్లల మీద పగబట్టి వేసుంటారు. కడుపునిండా తిని వచ్చి, పైన ఫ్యాను కీచుకీచుమంటుంటే, బోర్డు మీద యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చమంటే ఎవరి కళ్ళు నిలబడతాయి? ఇంగ్లీషు టీచరు సామాన్యురాలు కాదు. గొంతు ఖంగుమంటుంది, విసిరిన చాక్‌పీసు గురి తప్పదు. అయినా వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు పుస్తకం నిలబెట్టుకుని దాని చాటున కునుకు తీస్తూనే ఉంటారు.

ఇది గ్రామర్ రోజుల సంగతి. పాఠం రోజున మాత్రం ఎవరూ నిద్రపోరు. పాఠంలో మనుషులు వచ్చి కూర్చుంటారు మరి. మొదటి పేరా చదవగానే వస్తారు, ఆఖరి పేరా చదవగానే వెళ్ళిపోతారు. ఆ బడిలో మొదట్నించీ అంతే. ఏడాది మొదట్లో ఒక పాఠంలోంచి దొంగలిద్దరు వచ్చారు. ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా కూర్చుని, పోతూ పోతూ ఎవరిదో జామెట్రీ బాక్సు పట్టుకుపోయారు. ఆ తర్వాత ఒక పద్యంలోంచి కొంగలొచ్చి ఫ్యాను మీద వాలి నానా కంగాళీ చేశాయి. పాపం, అదంతా కడిగింది ప్యూనే. అందుకే కొత్త పాఠం అనగానే గుమ్మంలోంచే అడిగేస్తాడు.

"ఈసారి ఎంతమంది టీచర్? స్టూళ్ళు ఎన్ని వెయ్యమంటారు?"

"ఒక్కటి చాలు. పక్కన బకెట్టు కూడా పెట్టు, ఆయన తడిసి వస్తాడు," అంది టీచరు.

అలా వచ్చాడు పడవ తాత. నది దాటించే మనిషి. గడ్డంలోంచి నీళ్ళు కారుతూ, భుజాన తాడు చుట్టుకుని, వచ్చీ రాగానే గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకున్నాడు. ఆ మర్యాదకే ప్యూను పడిపోయాడు. ఆ పాఠం రాసినవాళ్ళు మహా పిసినారులు. ముసలాయనకి పాఠం మొత్తం మీద మాట్లాడ్డానికి నాలుగంటే నాలుగే వాక్యాలిచ్చారు. "నది ఇవాళ కోపంగా ఉంది," "ఎక్కండి," అలాంటివి. మిగతా మాటలన్నీ ఆయన పిల్లల దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది. దాంతో తెల్లగడ్డం వేసుకుని పదో తరగతి భాష మాట్లాడేవాడు.

"ఒసేయ్, అంత సీన్ లేదు నీకు, కూర్చో!" అనేవాడు క్లాసు లీడరుతో. టీచరు డిక్టేషన్ అనగానే "అబ్బా, మళ్ళీనా!" అని అందరికంటే ముందు మూలిగేవాడు. క్లాసంతా పడీ పడీ నవ్వేది. ఊగిపోయే బెంచీకి తాడు బిగించి ఊగకుండా చేశాడు. ఇంటర్వెల్‌లో ముళ్ళు వెయ్యడం నేర్పాడు. అందరికీ సొంత తాత అయిపోయాడు.

అందరికంటే ఎక్కువగా కండక్టరు కూతురికి. ఆ పిల్లకి నత్తి. వాళ్ళ నాన్న బస్సు ఫుట్‌బోర్డు మీంచి "రైట్, రైట్!" అన్నాడంటే రెండు వీధుల అవతల ఆవులు కూడా పక్కకి తప్పుకుంటాయి. ఈ పిల్లకేమో ఒక్క మాట గొంతు దాటాలంటే యుద్ధం. పోనీ ఆ యుద్ధమైనా పూర్తిగా చెయ్యనిస్తారా అంటే, అదీ లేదు. "నాన్నా, నాకు చ... చ..." అంటుంది. "చెప్పులా తల్లీ? రేపే కొంటా!" అని నాన్న అందేసుకుంటాడు. ఆ పిల్ల అడగబోయింది చక్కెర. వాళ్ళమ్మా అంతే, స్నేహితురాళ్ళూ అంతే. ప్రేమే, కాదనను. కానీ ఇంటా బయటా ఆమె మాటలన్నీ వేరేవాళ్ళే పూర్తిచేసేస్తే, ఇక ఆమె మాట్లాడిందేముంది?

క్లాసులో ఇంకో రకం దయ. పాఠం చదవడం వంతులవారీగా నడుస్తుంది, మనిషికో పేరా. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వింటున్నారనుకోకండి. తమ దాకా ఎన్ని పేరాలున్నాయో వేళ్ళతో లెక్కపెట్టుకుని, తమకి రాబోయేదాన్ని పెదాల్లోనే చదివి చూసుకుంటుంటారు. కండక్టరు కూతురు కూడా రోజూ లెక్కపెట్టుకునేది, చదువుకునేది. తీరా తన వంతొచ్చేసరికి టీచరు మెత్తగా "నెక్స్ట్" అనేది. పిల్లని ఇబ్బంది పెట్టకూడదని ఆమె ఉద్దేశం. ఆ పిల్లకి మాత్రం గుండెలో కలుక్కుమనేది.

తాత ఒక్కడే ఆమె మాటని అందుకోడు. ఆమె "తా... తా..." అని ఆగితే, ఆయన రేవులో బేరం కోసం కూర్చున్నవాడిలా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడు. మాట వచ్చాకే జవాబిస్తాడు.

"నీకు వి... విసుగు రాదా తాతా?" అని అడిగిందోసారి.

"విసుగా? మనిషి గట్టు మీద కనబడితే చాలు, వచ్చి ఎక్కేదాకా పడవ కదపను. నీ మాట కూడా గట్టు మీదే ఉందిగా, వస్తుంది," అన్నాడు.

అంతా బాగానే ఉంది, లీడరు గైడు తెరిచేదాకా. మార్కుల పిచ్చితో పాఠం సారాంశం ముందే చదివేసింది ఆ పిల్ల. మర్నాడు పొద్దున ఏడుపు మొహంతో వచ్చి అందరినీ సైకిల్ స్టాండు వెనక్కి లాక్కెళ్ళింది.

"తాత చచ్చిపోతాడే!"

"ఛీ, నోరు మూసుకో!"

"నిజం. అవతలి ఒడ్డున పసిబిడ్డకి జ్వరం. వరదలో మందు తీసుకెళ్ళి ఇచ్చేస్తాడు. ఆగమన్నా ఆగకుండా తిరిగి బయల్దేరతాడు. తాడు విప్పి పడవలోకి దూకుతాడు, నది తీసుకుపోతుంది. అదే ఆఖరి పేరా."

తాతకి తెలుసా? తెలీదు. పాఠంలో వాళ్ళకి చదివినంతవరకే తెలుస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం టీచరు పుస్తకం తెరవబోతుంటే లీడరు చెయ్యెత్తింది. "టీచర్, పాసివ్ వాయిస్‌లో నాకో డౌట్." టీచరు ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పాసివ్ వాయిస్ మీద తనంతట తాను డౌటడిగిన పిల్లని ఆమె చూడలేదు. అది తీరగానే ఇంకొకడికి రిపోర్టెడ్ స్పీచ్‌లో డౌటు. వాడి వెనక వాడికి ప్రిపొజిషన్లలో. టీచరు ఏనుగెక్కినంత సంబరపడిపోయింది. బోర్డు చాలక తలుపు మీద కూడా రాసింది. బెల్లు కొట్టేసరికి ఆమె జుట్టంతా చాక్‌పీసు పొడి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. డౌట్లు అయిపోతే కొత్తవి కావాలి కదా, వాటికోసం పిల్లలు ఇళ్ళ దగ్గర గ్రామర్ పుస్తకాలు తిరగేశారు! నిద్రపోయే బ్యాచికి కూడా టెన్సులన్నీ కంఠతా వచ్చేశాయి. తాత మాత్రం "ఇవేం డౌట్లురా నాయనా, పాఠం చెప్పనివ్వరా ఆవిణ్ణి," అని గొణిగేవాడు.

గురువారం నాడు టీచరు చాక్‌పీసు కింద పెట్టి, తాత చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిన సందు చూసి, మెల్లగా అంది.

"నా దగ్గరా మీ పప్పులు ఉడికేది? మొదటి రోజే అర్థమైంది. నాకు మాత్రం ఇష్టమా? ఏటా ఆ పేరా వినలేక బోర్డు వైపు తిరిగి నిలబడతాను. ఏటా వస్తాడు, కొత్తగా వస్తాడు, మళ్ళీ పోతాడు. కానీ హెడ్మాస్టరు గారు రేపటికి పోర్షన్ పూర్తవ్వాలన్నారు. రేపు చదువుతున్నాం."

శుక్రవారం వచ్చేసింది. భోజనాల వేళ ఎవరి డబ్బాలూ ఖాళీ అవలేదు. తాత కండక్టరు కూతురి పక్కన కూర్చుని తాడు చుట్టుకుంటున్నాడు.

"ఇవాళ అయిపోతుందట కదా పాఠం. నువ్వెప్పుడు చదువుతావు?"

"నా వంతు ద... దాటేస్తారు తాతా."

"దాటించే పని నాది కదే! వాళ్ళెవరు దాటెయ్యడానికి?" అని తన జోకుకి తనే నవ్వాడు.

ఆ పిల్లకి నవ్వు రాలేదు. వేళ్ళతో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఆఖరి పేరా తనదే. పక్క బెంచీలో లీడరు కూడా లెక్కపెట్టుకున్నట్టుంది, మొహం పాలిపోయి ఉంది. ఈ పిల్లని దాటేస్తే అది పడేది లీడరు నెత్తినే. లీడరు ఎంత పొడుగు వాక్యమైనా ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేస్తుంది, అందుకు కప్పు కూడా గెలుచుకుంది.

చదవడం మొదలైంది. మొదటి బెంచీ చదివేసరికి గచ్చు మీద తడి. రెండో బెంచీకి చీలమండల దాకా నీళ్ళు. బకెట్టు తేలుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది, దాని వెనక ప్యూను పరిగెత్తాడు. తాత స్టూలు మీంచి లేచాడు. మందు సీసా చొక్కాలో దాచుకుని, నీళ్ళతోపాటే తేలి వచ్చిన పడవెక్కి, బెంచీల మధ్యనుంచి తెడ్డు వేసుకుంటూ బోర్డు దగ్గరికి, అంటే అవతలి ఒడ్డుకి, చేరాడు. అక్కడ ఓ ఇంటి తలుపు తెరుచుకుంది, ఒక తల్లి చెయ్యి చాపి సీసా అందుకుంది. క్లాసులో ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఆ తర్వాత రాబోయేది గుర్తొచ్చి మానేశారు.

ఇక ఒక్క పేరా. టీచరు అలవాటు కొద్దీ కండక్టరు కూతురి వైపు చూసి, "నె..." అనబోయింది.

ఆ పిల్ల అప్పటికే లేచి నిలబడి ఉంది.

"నా వం... వంతు టీచర్."

టీచరు ఒక్క క్షణం చూసింది. "చదువమ్మా," అంది.

చదవసాగింది. ఉండమని ఆ తల్లి బతిమాలింది. తాత నవ్వాడు. నది హోరుకి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆమె ఒక్కో మాటనీ తోసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ తోసుకుంటూ చదువుతోంది. తాత తాడు విప్పాడు. పడవ అంచు మీద చెయ్యి వేశాడు. ఇక పడవలోకి అడుగు పెట్టాలి. ఆ వాక్యంలో తర్వాత మాట ‘బోట్’.

"బ... బ... బ..."

రాలేదు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, మాట మాత్రం రాలేదు. అలవాటు చొప్పున క్లాసంతా ఒక్కసారి నోరు తెరిచింది, ఆ మాట అందించడానికి. అందరి నాలుక చివరా ఉంది అది.

అప్పుడు చూసింది లీడరు. తాత ఒక కాలెత్తి అలాగే ఆగిపోయి ఉన్నాడు! ఆ పిల్ల వైపు తిరిగి, ఎప్పట్లాగే, తొందరేమీ లేనట్టు, మాట వచ్చేదాకా చూస్తున్నాడు. మాట రాకుండా ఆయన పడవెక్కడు. లీడరు రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసుకుంది. "ఎవరూ చెప్పద్దు!" అని కళ్ళతోనే అరిచింది. పక్కవాడు పెదవి కొరుక్కున్నాడు. ఆ వెనకవాడు పెన్సిల్ నోట్లో కుక్కుకున్నాడు. ఆఖరికి టీచరు! ఎదుటివాళ్ళ మాట దిద్దకుండా ఉండలేని మనిషి, చీర కొంగు పళ్ళ మధ్య బిగించుకుని నిలబడింది.

"బ... బ..."

అదిగో, అప్పుడొచ్చింది అల. ఏటా నది మధ్యలో తాతని పట్టేసుకునే అల. బడి గోడంత ఎత్తున గుమ్మంలోంచి లేచి, బెంచీల మీదుగా హోరుమంటూ సాగి, పుస్తకాలూ సంచులూ పిల్లల తలలూ తడిపేసి, నది మధ్యలో ఎవరూ దొరక్క, కిటికీలోంచి ఆటస్థలంలోకి దూకి పోయింది. తాత ఒడ్డునే ఉన్నాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. ఆ పిల్ల మొహం మీదే ఉన్నాయి ఆయన కళ్ళు.

"...బోట్," అంది కండక్టరు కూతురు.

"వచ్చిందా!" అన్నాడు తాత, కాలు పడవలో పెట్టి కూర్చుంటూ. నీళ్ళు చెరువులా నిలకడగా ఉన్నాయి.

ఆమె తడి పేజీ మీదికి వంగింది. ఆ తర్వాత ఉండాల్సిన మాటలు అక్కడ లేవు. నది తీసుకుపోవడం లేదు. ‘వరద తీసింది. అతను ఇంటికి బయల్దేరాడు’ అని ఉంది. లీడరు గబగబా తన పుస్తకం చూసుకుంది. అందులోనూ అదే. టీచరు తన పాత పుస్తకం తెరిచింది, ఏళ్ళ తరబడి తను పెన్సిలుతో గీసిన గీతల మధ్య అదే వాక్యం. ఆమె ఈసారి బోర్డు వైపు తిరగలేదు. పిల్లల ఎదుటే, దాచుకోకుండా, కళ్ళు తుడుచుకుంది. క్లాసంతా బెంచీల మీదికెక్కి గంతులేసింది. పక్క క్లాసు లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి, కాళ్ళ కింద నీళ్ళు చూసి, "ఓహో, పాఠమా," అని వెళ్ళిపోయాడు.

తాత తెడ్డు వేస్తూ బెంచీల మధ్యకి వచ్చాడు. కండక్టరు కూతురి దగ్గర పడవ ఆపి, "సూపర్‌గా చదివావే," అన్నాడు. ఆఖరి పేరా అయిపోయింది కాబట్టి వెళ్ళిపోవాలి. ఆయన మాత్రం ఎటూ కదలకుండా అక్కడే కూర్చుని, ఇంకా ఏదో వినాల్సి ఉన్నట్టు చెవి ఒగ్గాడు.

ఆ పిల్లకి అనుమానం వచ్చి పేజీ తిప్పింది. అక్కడ ప్రశ్నలూ ఖాళీలు పూరించండీ ఉండాలి. అవి లేవు. కొత్త పేరా ఉంది, దాని కింద ఇంకోటి. ఇంటికెళ్ళిన తాత దీపం వెలిగించుకుంటున్నాడు. ఆ తర్వాతేం జరుగుతుందో ఏ గైడులోనూ లేదు, ముందుగా పెదాల్లో చదువుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

"టీచర్," అంది. "ఇ... ఇ... ఇంకా..."

ఎవరూ అందించలేదు. బెల్లు మోగింది. ఎవరూ లేవనూ లేదు.

"ఇంకా ఉంది," అంది కండక్టరు కూతురు, పుస్తకం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టింది.