చల్లారని అంబాసిడర్

తెల్లారి ఆరు కొట్టంగనే లింగస్వామి గొర్ల కొట్టం తలుపు తీస్తడు. గొర్లు లేవు. అమ్మి ఐదేండ్లాయె. కొట్టంల ఉన్నది తెల్ల అంబాసిడర్ ఒక్కటే. దాని మీది బరకాన్ని సగం దాక మడిచి, బానెట్టును తడిబట్టతోని తుడుస్తడు. అంతల ఆడోళ్లు వస్తరు. తోడు వేసిన పాలగిన్నెలు బానెట్టు మీద వరుసగ పెట్టి పోతరు. పగటీలికి పెరుగు గట్టిగ పేరుకుంటది.

ఆ బండి ఇంజను బందయ్యి ఇరవై ఒక్క ఏండ్లు. ఇరవై అని చెప్పెటోళ్లు ఊర్ల ఉన్నరు గని అది తప్పు. బానెట్టు మాత్రం చల్లారలే. ఇప్పుడే దూరం నుంచి వచ్చి నిలబడ్డట్టు వెచ్చగుంటది. గొర్లున్నన్ని దినాలు, తల్లి సచ్చిన గొర్రెపిల్లలను చలికాలం దాని ముందటనే పండబెట్టెటోళ్లు. ఒక్కటి పోలే.

"ఉమారాణీ, నీ గిన్నె అంచుకున్నది. లోపలికి జరుపు."

"పడదులే పెద్దయ్యా."

"పడితే తుడిచేది నేను."

ఉమారాణి గిన్నె జరిపి పోయింది. తిన్నవా అని అడగలే. ఎవరూ అడగరు. వచ్చెటోళ్లు బండి కాడికి వస్తరు గని లింగస్వామి కాడికి కాదు. భార్య అమృతమ్మ పోయినంక ఆ ఇంట్ల రెండో గొంతు లేదు. పిల్లలు కాలే. మిగిలిన రక్తం ఒక్కటే, కోస్గిల ఇచ్చిన చెల్లె బక్కమ్మ. ఆమెతోని మాట లేదు. అమృతమ్మ పోయిననాడు బక్కమ్మ వచ్చింది, వాకిట్ల నిలబడి ఏడ్చింది, నీళ్లు ముట్టకుండ పోయింది. అన్న మొఖం చూడలే.

మాట పోయింది ఈ బండిలనే. అప్పుడది కిరాయి బండి. ఆ ఏడు బక్కమ్మను పిలిచి ఒడిబియ్యం పోసిండ్రు. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు కొంగుల పోసి నడుముకు కట్టినంక, పుట్టింటోళ్లే ఆడబిడ్డను అత్తగారి గడప దాక తోలియ్యాలె. ఆ బియ్యం గడప దాటినంకనే వండాలె. లింగస్వామి తోల్కపోతున్నడు. కోయిల్‌కొండ దాటినంక బక్కమ్మ కొత్త చీర కొంగు పట్టి చూసి, "బాపు ఉంటే గింత పల్చటి చీర పెట్టకపోవు" అన్నది.

లింగస్వామి బండి ఆపిండు. "అయితే దిగు."

దిగుతదనుకోలే. ఆమె ఒడి పట్టుకొని దిగింది. సీతాఫలం గుట్టల నడుమ ఎండల నడుసుకుంట పోయింది, ఒక్కసారి ఎన్కకు చూడలే. ఆయన బండి మలిపిండు. ఇంటికొచ్చి కొట్టంల పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు. మళ్ల తీయలే. చెల్లెనే వచ్చి మాట్లాడాలె అని ఒకటే పట్టు.

అట్లుండంగ ఈ ఎండకాలం హైదరాబాదు నుంచి అమరేందర్ అనే ఆయన వచ్చిండు. పాత బండ్లకు అక్కడ గిరాకి పెరిగిందట. కోళ్లు గుడ్లు పెడుతున్న ఫియట్లను, చింతల కింద తుప్పు పట్టిన జీపులను ఎతుక్కుంట ఊర్లు తిరుగుతున్నడు. కొత్త కారుకు పెట్టెటంత పెడతనన్నడు.

లింగస్వామి బరకం మడత సరిచేసుకుంట ఆలోచించిండు. వయసు మీద పడ్డది. తను పోయినంక దీన్ని ఇనుప సామాన్లోనికి తూకానికి వేస్తరు. అంతకన్న సవరించుకునెటోనికి ఇచ్చుడే నయం.

"ట్రాలీ పంపిస్త కాకా, ఎక్కించుకస్తరు."

"ట్రాలీ ఎవలికి? పీనుగకా? నా బండి నడిచే వస్తది."

బాగు చేసుటానికి హుజూర్‌నగర్ నుంచి వచ్చి పాలమూరుల షెడ్డు పెట్టుకున్న సైదులు ఒప్పుకున్నడు. నలభై దినాలు పట్టింది. ఇంజను వేడికి సైదులు చేతులకు గోనెపట్ట చుట్టుకొని పని చేసిండు. ఆయన బిగించిన ప్రతి బోల్టును లింగస్వామి మళ్ల పాన పెట్టి చూసెటోడు.

"నా మీద నమ్మకం లేదా కాకా?"

"ఉన్నది. అయినా చూస్త."

ఎనుక సీటు విప్పితే సందుల ఆరు బియ్యపు గింజలు దొరికినయ్. పసుపు ఎలిసి తెల్లగైనయ్.

"పారెయ్యాలెనా?"

"ఉండనీ." లింగస్వామి వాటిని అంగీ జేబుల వేసుకున్నడు.

బండి పోయే పొద్దు ఆడోళ్లు ఆఖరి గిన్నెలు తీసుకున్నరు. "రేపటి సంది పెరుగు ఎట్ల పెద్దయ్యా?" అన్నది ఉమారాణి. ఆయన సైదులును పక్కన కూసోబెట్టుకొని తాళంచెవి తిప్పిండు.

మూడో తిప్పుకు ఇంజను అందుకున్నది. హైదరాబాదు రోడ్డు పట్టి మూడు మైళ్లు పోయిండ్రో లేదో, వేడి చూపే సూది ఎర్రగీత మీదికెక్కింది. సైదులు దిగి నీళ్లు చూసిండు, బెల్టు చూసిండు. అన్నీ మంచిగనే ఉన్నయ్. ఇంటికే పోదామని బండి కోస్గి దిక్కు మలిపితే సూది దిగింది. హైదరాబాదు దిక్కు పెడితే మళ్ల ఎక్కింది. మూడుసార్లు అట్లనే.

"కాకా, కోస్గి దిక్కు మొఖం పెడితే దిగుతాంది."

లింగస్వామి స్టీరింగు మీద గోరుతోని గీకిండు. "అయితే అటే పోదాం. బండి కోసమే పోతున్న. ఇంకెవల కోసమో కాదు."

"నేనేమన్న అన్ననా?"

సీతాఫలం గుట్టల కాడ ఆయన బండి ఆపిండు. దిగి, ఎనుక ఎడమ తలుపు తెరిచిండు. మనిషి ఎక్కి కూసుండెటంత సేపు నిలబడ్డడు. తలుపు మెల్లగ ఏసిండు.

కోస్గిల బక్కమ్మ అరుగు మీద చాటల కందులు పోసుకొని రాళ్లు ఏరుతాంది. తల నెరిసిపోయింది. బండి ఆగినా లేవలే. దానిని చూసింది, అన్నను చూసింది.

"గింత ఆలస్యమా అన్నా?"

"తోవల బండి ఆగింది."

ఆమె లేచి వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి గుంజుకున్నది. "ఇంక కాలుతాంది."

లింగస్వామి జేబుల నుంచి ఆరు గింజలు తీసిండు. ఆమె కొంగు పట్టింది. గింజలు కొంగుల పడ్డంక ఆమె ముందు, ఆయన ఎనుక గడప దాటిండ్రు. లోపలి అర్ర నుంచి బక్కమ్మ ఒక కుండ తెచ్చింది. నిండ పసుపు బియ్యం, నడుమ ఎండిన యాపాకు.

"వండలేదా?" అన్నడు లింగస్వామి.

"గడప దాక తోలియ్యని ఒడిబియ్యం ఎట్ల వండుత? ఏడాదికోసారి ఎండబోసి దాచిన." గింజలు కుండల కలిపింది. "కాళ్లు కడుక్కో."

వండినంక సైదులుతోని కలిసి ముగ్గురు తిన్నరు.

"చేదుగున్నది," అన్నడు లింగస్వామి.

"ఇరవై ఒక్క ఏండ్లు మరి."

ఆమె లెక్క తప్పలే. ఆయన పళ్లెం ముందటికి జరిపిండు. "ఇంకింత పెట్టు."

చెయ్యి కడుగుటానికి బయటికొచ్చి బానెట్టు ముట్టుకున్నడు. రాతి లెక్క చల్లగున్నది. చెయ్యి తీయకుండ జర సేపు అట్లనే నిలబడ్డడు. సైదులు తాళంచెవి కోసం చెయ్యి చాపిండు. బండి దిగంగనే మళ్ల మొలతాడుకు కట్టుకున్నదాన్ని లింగస్వామి ముడి విప్పి ఇచ్చిండు.

"రెండో గేరు నిమ్మలంగ మార్చు."

"ఫికర్ చేయకు కాకా."

బండి హైదరాబాదు దిక్కు మలిగింది. మలుపు దాటేదాక ఇద్దరూ చూసిండ్రు.

"నువ్వెట్ల పోతవ్?"

"బస్సుల."

"ఆఖరి బస్సు అయిదింటికి."

అయిదింటికి బస్సు హారన్ కొట్టుకుంట సందు మూల నుంచి పోయింది. బక్కమ్మ తల ఎత్తలే. ఆమె ఏరి పక్కకు పెట్టిన చాటను లింగస్వామి ఒళ్లకు గుంజుకొని, మళ్ల చూసి, రెండు రాళ్లు తీసిండు.