క్యారియర్ మీద బరువు

నేను ఒక అద్దె సైకిల్‌ని. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైల్వే స్టేషన్ వెనక సందులో, విల్మా అనే ఆవిడ కొట్లో ఉంటాను. ఒంటికి పసుపు రంగు, ముందొక బుట్ట, హ్యాండిల్ మీద ఒక గంట. నాలాంటివాళ్ళం ఆ కొట్లో చాలామందిమే ఉన్నాం. పక్కపక్కన నిలబెడితే మమ్మల్ని మేమే గుర్తుపట్టలేం. నాకూ వాళ్ళకీ తేడా ఒక్కటే. నా క్యారియర్ మీద ఏడాదిపాటు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చచ్చిపోయిన మనిషి.

భయపడకండి. ఆయన ఎవరి జోలికీ వెళ్ళే రకం కాదు. బతికుండగా ఎంత మంచివాడో పోయాకా అంత మంచివాడే. బరువు మాత్రం కాస్త కూడా తగ్గలేదు.

మొదట్నుంచీ చెప్తాను. నేను పుట్టింది ఊరి బయట ఫ్యాక్టరీలో. గొట్టాలు కోసినవాళ్ళు కోశారు, అతికినవాళ్ళు అతికారు, రంగు పూసినవాళ్ళు పూశారు. అన్ని చేతుల్లో పడి పెరిగానా, ఒక్కరంటే ఒక్కరు కూడా నన్నెక్కి తొక్కి చూడలేదు. పక్కకి నెట్టేసి తర్వాతదాన్ని అందుకున్నారు. నాకు హ్యాండిల్ మీద బ్రేకులు లేవు. పెడల్‌ని వెనక్కి తొక్కితే ఆగిపోతాను. ఈ ఊళ్ళో అది మామూలే. తెలియనివాళ్ళు మాత్రం మొదటి రోజు నా మీంచి కనీసం ఒకసారైనా పడతారు.

సెలవులకొచ్చే మనుషుల్ని చూస్తే నాకు నవ్వూ జాలీ కలిపి వస్తాయి. ఇంటి దగ్గర వీధి చివరి కొట్టుకి కూడా కారేసుకెళ్ళే పెద్దమనిషి ఇక్కడికొచ్చి ఊరంతా తొక్కేస్తానంటాడు. మొదటి వంతెన ఎక్కేసరికి రొప్పుతాడు. రెండో వంతెన మీద నన్ను రెయిలింగుకి ఆనించి ఫొటోలు దిగుతాడు. మూడోది చూడకుండానే కాఫీ హోటల్లో కూలబడతాడు. ఇక భార్యాభర్తలైతే, ఏ కాలువ పక్క ఎటు తిరగాలో తేలక, నన్ను మధ్యలో నిలబెట్టి పాతికేళ్ళ సంసారంలోని గొడవలన్నీ పైకి తీస్తారు. ఇలాంటివి చూసీ చూసీ నాకు మనుషులంటే లోకువైపోయింది. అప్పుడొచ్చారు పానకాలు మాస్టారు, భ్రమరాంబ.

వాళ్ళది తెనాలి. ఒక టూరు బస్సులో, సొంత వంటవాణ్ణి వెంటేసుకుని, పులిహోరలు తింటూ దేశాలు తిరుగుతున్న గుంపులో వాళ్ళూ ఉన్నారు. ఈ ఊళ్ళో రెండు రోజులు ఎవరిష్టం వాళ్ళదని వదిలేశారట. మిగతావాళ్ళు బజార్ల మీద పడ్డారు. మాస్టారు నేరుగా విల్మా కొట్టుకొచ్చి, వరసలో ఉన్న మా అందరినీ చూసి, నా హ్యాండిల్ మీద చెయ్యేశాడు. మనిషి నిలువెత్తుగా ఉంటాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. ఆవిడ ఆయన భుజం దాకా వస్తుంది.

"ఇదిగో భ్రమరా, దీనికి పసుపు వాళ్ళే రాసేశారు. బొట్టొకటి నువ్వు పెట్టు," అన్నాడు.

ఆవిడ నిజంగానే హ్యాండుబ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి గంట కింద బొట్టు పెట్టింది. మాస్టారు బజారుకెళ్ళి రెండు నిమ్మకాయలు కొనుక్కొచ్చి నా చక్రాల కింద పెట్టి, వాటి మీదుగా నన్ను ముందుకి నడిపించాడు. విల్మా గుమ్మంలో నిలబడి, కాఫీ తాగడం మరిచిపోయి చూసింది. ఎంతమందో నా మీద ఎక్కారు, దిగారు. నాకు పూజ చేసినవాళ్ళు వాళ్ళిద్దరే. సిగ్గుపడ్డానంటే నమ్ముతారో లేదో.

భ్రమరాంబకి సైకిల్ రాదు. అందుకని ఒక్క సైకిలే తీసుకున్నారు. ఆవిడ చీరతో క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుంది. అది వాళ్ళ ఊరి పద్ధతట. ఇక్కడి ఆడవాళ్ళూ అలాగే కూర్చుంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. వింతగా చూసింది మాస్టారి తొక్కుడుని. ఆయనకి అరవై ఏళ్ళుగా ఎడమ పక్కన వెళ్ళడం అలవాటు. ఇక్కడ కుడి పక్కన వెళ్ళాలి. ప్రతి మలుపులోనూ ఎడమకే లాగేవాడు, ఎదురొచ్చేవాళ్ళు గంటలు కొట్టి తిట్టేవాళ్ళు, ఆవిడ వెనకనుంచి ఆయన వీపు మీద చరిచేది. "కుడి, కుడివైపండీ! డ్రిల్లు మాస్టారై ఉండి కుడెడమలు తెలీకపోతే ఎట్టా?"

ఆ రోజు మేం ముగ్గురం ఊరంతా తిరిగాం. కాలువల వెంట, పూల బజారు మీదుగా, ట్రాములొస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఆయన చొక్కా పట్టుకుంటూ. సాయంత్రం ఒక వంతెన మీద ఆగినప్పుడు, తల ముగ్గుబుట్టలా నెరిసిన ఇద్దరు ముసలమ్మలు కబుర్లాడుకుంటూ మమ్మల్ని దాటి తొక్కుకుంటూ పోయారు. భ్రమరాంబ వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఊళ్ళో ఆడపిల్లలందరికీ నేర్పారు. నాకెందుకు నేర్పలేదండీ?" అంది.

"నువ్వు అడగలేదుగా."

"అడక్కపోతే నేర్పరా?"

మాస్టారు, పిల్లలకి ఎలా నేర్పేవాడో చెప్పాడు. క్యారియర్ పట్టుకుని వెనక పరిగెత్తుతాడట. 'చూపు ముందుకి, నేను పట్టుకునే ఉన్నా' అని అరుస్తూనే, మెల్లగా వదిలేస్తాడట. వదిలేశాక కూడా పట్టుకునే ఉన్నానంటాడట. "ఆ అబద్ధం ఆడితేనే వస్తుంది సైకిలు," అన్నాడు. ఆవిడ నవ్వి, "అబద్ధాల మాస్టారు," అంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఒక్కడే నన్ను బయటికి తీశాడు. భ్రమరాంబ హోటలు గుమ్మం దాకా వచ్చింది. "ఇప్పుడే వచ్చేస్తా," అన్నాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదు, వాళ్ళ ఇళ్ళల్లో అది అపశకునం. ఆయన నన్నెక్కి, వీధిలోకి దిగి, అలవాటు కొద్దీ ఎడమ పక్కకి తిప్పాడు. ఆవిడ చూసింది. పిలవబోయి నోరు తెరిచింది. వెళ్ళేవాణ్ణి వెనక్కి పిలవడం అంతకంటే అపశకునం. నోరు మూసుకుంది. నా వెనక మడ్‌గార్డు అద్దంలా మెరుస్తుంది కాబట్టి ఆవిడ మొహం నాకు అందులో కనిపించింది. అప్పుడు దాని అర్థం తెలియలేదు.

ఆవిడకి తెలియనిది నేను చెప్తాను. మలుపు తిరగ్గానే మాస్టారికి గుర్తొచ్చింది. ఖాళీ క్యారియర్ వైపు తలతిప్పి, "కుడివైపేగా, తెలుసులే," అనుకుంటూ కుడి పక్కకి వచ్చేశాడు. దారంతా ఆ ఖాళీ క్యారియర్‌తోనే కబుర్లు చెప్పాడు. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఒక పార్కుకి చేరాడు. మధ్యలో చిన్న చెరువు, చుట్టూ చదునైన దారి, కార్లు లేవు, ట్రాములు లేవు. ఆయన ఆ దారి చుట్టూ నడిచి, గుంటలున్నాయేమో చూశాడు. తర్వాత నా సీటు కింది మర వదులు చేసి, అరచెయ్యి తన నడుముకి కాస్త కింద పెట్టి భార్య నడుము ఎత్తు అంచనా వేసుకుని, సీటుని బాగా కిందికి దించి బిగించాడు. మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతుంటే నవ్వుకుంటూ వెనక్కి బయల్దేరాడు.

ఒక కూడలి దగ్గర సామాన్ల వ్యాను ఒకటి పక్క చూడకుండా తిరిగింది. ఆయన తన దారిలో తను వెళ్తున్నాడు. ఇంతకంటే నేను చెప్పలేను.

నా ముందు చక్రం పోయింది, ముందు గొట్టం వంగింది. కొన్నాళ్ళు విల్మా నన్ను కొట్టు వెనక మూల పడేసింది. తర్వాత సైకిళ్ళకి గిరాకీ పెరిగిన రోజుల్లో, ఇనుమేం పాపం చేసిందని తనకి తనే చెప్పుకుని బాగుచేసింది. సీటు పైకి లేపింది. తెల్లారి చూస్తే సీటు కిందికి జారి ఉంది, సరిగ్గా ఆయన పెట్టిన చోటికి. మళ్ళీ లేపింది, మళ్ళీ జారింది. కొత్త మర వేసినా అంతే. అద్దెకి తీసుకున్నవాళ్ళు, వెనక ఎవరో కూర్చున్నట్టు బరువుగా ఉందని తిరిగిచ్చేసేవాళ్ళు. కుక్కలు నా క్యారియర్‌ని చూసి మొరిగేవి. హ్యాండిలు వదిలితే చాలు, ఆ పార్కు వైపు తిరిగేదాన్ని. అదంతా వంగిన గొట్టం వల్లేనని విల్మా అనుకుంది. నాకు తెలుసు. ఆయన ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. చలికాలమంతా, వానల్లో, మంచులో, మాటా పలుకూ లేకుండా ఎదురుచూశాడు. ఆ బరువుతో బతకడం నాకూ కష్టంగానే ఉండేది. కానీ ఆయన దిగిపోతాడేమోనని అప్పుడప్పుడూ భయం కూడా వేసేది.

ఏడాది తిరిగాక భ్రమరాంబ వచ్చింది. అదే టూరు బస్సులో, ఈసారి ఒంటరిగా. చీర కాదు, పంజాబీ డ్రెస్సు వేసుకుంది. కొట్లోకి రాగానే వరసలో ఉన్న పసుపు సైకిళ్ళ గంటల కింద ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. నా గంట కింద, అతుకు సందులో, కుంకుమ ఇంకా కాస్త మిగిలి ఉంది. ఆవిడ అక్కడ వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. విల్మా గుర్తుపట్టి కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, విల్మా ఇంగ్లీషూ అంతే. అందుకే ఇద్దరికీ బాగానే అర్థమైంది.

ఆవిడ చెప్పుకుంది. ఇంటి దగ్గర అందరూ ఒక్కటే అడిగారట, వెనక్కి పిలిచావా, ఎక్కడికని అడిగావా అని. పిలవలేదు, అడగలేదు అని అందరికీ ఒట్టేసి చెప్పిందట. అందరూ తృప్తిపడ్డారు. ఆవిడకి మాత్రం నిద్ర లేదు. "ఎడంపక్కకి పోవడం చూశానమ్మా. ఒక్క కేక వేస్తే ఆయన కుడికి వచ్చేవారు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. నేనే చంపుకున్నాను," అంది. ఏ పక్కన వెళ్తుండగా ప్రమాదం జరిగిందో అప్పట్లో పోలీసుల్ని అడగడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. టూరు వాళ్ళే అన్నీ చూసుకున్నారు.

విల్మా ఆవిడ చేతులు పట్టుకుంది. "మీవారు సరైన పక్కనే ఉన్నారు. కుడి పక్కనే. తప్పు తనదేనని వ్యాను నడిపినవాడు ఒప్పుకున్నాడు. పోలీసులు నాకు చెప్పారు." ఇంకా ఏదో గుర్తొచ్చి ఆగింది. "ఒక్కటే నాకు అర్థం కాలేదు. ఆయన అంత పొడుగు మనిషి కదా. సైకిల్ నా దగ్గరికి తిరిగొచ్చినప్పుడు సీటు చాలా కిందికి ఉంది. ఇప్పటికీ లేపితే నిలవదు."

భ్రమరాంబ లేచి వచ్చి నా మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకి సరిగ్గా ఆనాయి. పొట్టీ కాదు, పొడుగూ కాదు. ఆవిడ కిందికి చూసింది, పాదాల్ని చూసుకుంది, తర్వాత హ్యాండిల్ మీద తలపెట్టి ఏడ్చింది. అలాంటి ఏడుపు నేనెప్పుడూ మోయలేదు. విల్మా కొట్టు తలుపు వేసేసి, బయట ఎవరో పిలుస్తున్నా వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ నన్ను నడిపించుకుంటూ బయల్దేరింది. ఎటని ఆవిడకి తెలియదు. నేను లాగిన వైపు వచ్చింది. చెరువు చుట్టూ ఉన్న చదునైన దారి చూడగానే నిలబడిపోయింది. ఆయన ఎక్కడికెళ్ళాడో, ఎందుకెళ్ళాడో, ఏడాది పాటు ఆవిడని తొలిచేసిన ప్రశ్నకి జవాబు కళ్ళముందే ఉంది.

నన్నెక్కింది. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. మొదటిసారి పక్కకి ఒరిగింది. రెండోసారి గడ్డిలోకి వెళ్ళింది. మూడోసారి ఒరగబోతుంటే వెనకనుంచి గట్టి చెయ్యి ఒకటి క్యారియర్‌ని పట్టి నిలబెట్టింది. కూర్చున్న బరువు లేచింది, పరిగెత్తుతున్న అడుగులు మొదలయ్యాయి. ఏడాదిలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

"చూపు ముందుకి! నేను పట్టుకునే ఉన్నా!"

ఆవిడకి వినపడిందో లేదో నాకు తెలియదు. తల మాత్రం నిటారుగా ఎత్తింది. తొక్కింది. చెరువు పక్కకి తిరిగింది, బాతుల్ని దాటింది, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ముసలాయన్ని దాటింది. వెనక 'పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా' అన్న మాట వినిపిస్తూనే ఉంది. కానీ ఒక్కోసారికీ అది ఇంకాస్త దూరం నుంచి వస్తోంది. నా క్యారియర్ మీద చెయ్యి లేదు. బరువు లేదు.

అది ఆవిడకీ తెలిసింది. పెడల్ వెనక్కి తొక్కి నన్ను ఆపింది. రెండు పాదాలూ నేలకి ఆనాయి. వెనక్కి తిరిగింది. ఏడాది కింద గుమ్మంలో నిలబడి మింగేసిన పిలుపు, పార్కంతా ఉలిక్కిపడేలా బయటికొచ్చింది.

"ఏవండీ! ఎక్కడికండీ?"

ముసలాయన పేపరు దించి చూశాడు. బాతులు నీళ్ళలోకి దిగాయి. దారి ఖాళీగా ఉంది. ఆవిడ చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. తర్వాత చున్నీతో మొహం తుడుచుకుని, మళ్ళీ నన్నెక్కి, ఎవరూ పట్టుకోకుండా, కుడి పక్కనే, చెరువు చుట్టూ ఇంకో చుట్టు తొక్కింది.

ఆవిడ వెళ్ళిపోయాక విల్మా నా సీటు పైకి లేపింది. తెల్లారి చూస్తే లేపిన చోటే ఉంది. తను వేసిన కొత్త మర ఇన్నాళ్ళకి పనిచేసిందని సంతోషపడింది. కుక్కలు మొరగడం మానేశాయి. బరువుగా ఉందని ఎవరూ తిరిగివ్వడం లేదు. రేపో మాపో పాతబడి తుక్కులోకి పోతాను, దానికి బాధ లేదు. వెనక ఇంత తేలిగ్గా ఉండటమే ఇంకా అలవాటు కాలేదు.